విద్యా, మనస్తత్వ పరిశోధనల్లో కొలమానాలు: తెలుగు పిల్లలపై జరిగిన మూడు అధ్యయనాల విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

కాపరుల సదస్సుల్లోనూ, క్రైస్తవ పాఠశాలల యాజమాన్య సమావేశాల్లోనూ కొన్ని సంవత్సరాలుగా ఒక అంకె పదేపదే వినిపిస్తోంది. గ్రామీణ భారతదేశంలో 5వ తరగతి పిల్లల్లో సగానికి అటూ ఇటూగా మాత్రమే 2వ తరగతి స్థాయి కథను చదవగలుగుతున్నారన్నది దాని సారాంశం. ప్రథమ్ సంస్థ వెలువరించే 'అసర్' నివేదికల ప్రకారం అలా చదవగలిగినవారు 2018లో 50.5 శాతం, 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. ఈ అంకెను పట్టుకొని ఒకరు సర్కారు బడులు పనికిరావంటారు. మరొకరు మూతపడ్డ మిషను బడులను తిరిగి తెరవాలంటారు. ఇంకొకరు తెలుగు మాధ్యమంలోనే దోషం ఉందంటారు. మూడు వాదాలకూ సాక్షి ఒక్కటే. ఆ సాక్షికి అడ్డుప్రశ్న వేసినవారిని మాత్రం మేము ఇంతవరకు చూడలేదు.

మేము గణాంక శాస్త్రవేత్తలం కాము. అయినా ఖిలా వరంగల్‌లో సేవ చేస్తున్న కాపరిగా, వేదాంత విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలను అప్పుడప్పుడు చదివే అవకాశం ఉన్నవారిగా, ఈ అంకెలు ఎలా పుడుతున్నాయో విచారించడం అవసరమని భావించాము. పిల్లవాణ్ణి ఏ బడిలో వేయాలి, ఏ మాధ్యమంలో చదివించాలి, ఫీజు నిమిత్తం అప్పు చేయవచ్చునా అని తల్లిదండ్రులు కాపరినే అడుగుతారు. మనం చెప్పే జవాబు మీద ఆ ఇంటి కష్టార్జితం ఆధారపడి ఉంటుంది. అందుచేత ఈ వ్యాసంలో తెలుగు పిల్లలకు సంబంధించిన మూడు ప్రసిద్ధ అధ్యయనాలను తీసుకొని, వాటి ఫలితాల కంటే వాటి కొలబద్దలను ఎక్కువగా పరిశీలించదలచాము. చివర మన సెమినరీలలో వాడుతున్న ప్రశ్నావళులను గూర్చి కూడా కొంత చెప్పవలసి ఉంది.

అసర్ నిచ్చెన

2005లో ప్రారంభమైన అసర్ పద్ధతి ఎంతో సరళమైనది. జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్ల చొప్పున మొత్తం 600 ఇళ్లు తీసుకుంటారు. స్వచ్ఛంద సేవకులు ఇంటికే వెళ్లి, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఒక కాగితం చూపిస్తారు. అందులో అక్షరాలు, చిన్న పదాలు, 1వ తరగతి స్థాయి పేరా, 2వ తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లవాడు ఎక్కగలిగిన అన్నింటికంటే పై మెట్టును అతని స్థాయిగా నమోదు చేస్తారు. బడికి రాని పిల్లలు కూడా ఈ లెక్కలోకి వస్తారు. తల్లిదండ్రుల కళ్ల ముందే పరీక్ష జరుగుతుంది. పరీక్ష కాగితం బహిరంగంగా దొరుకుతుంది గనుక ఎవరైనా తమ ఊళ్లో పరీక్షించి చూసుకోవచ్చు. ఇవన్నీ మెచ్చుకోదగిన గుణాలే. విద్య అంటే బడి గోడలు, మధ్యాహ్న భోజనం, హాజరు పట్టీ మాత్రమే కాదని ప్రభుత్వాలు గుర్తించడంలో ఈ నివేదికల పాత్ర పెద్దది.

అయితే ఈ నిచ్చెనలో మెట్ల మధ్య దూరం అన్ని భాషల్లో ఒకటేనా? తెలుగులో అక్షరానికీ పదానికీ నడుమ గుణింతం ఉంది, ఒత్తు ఉంది. అచ్చులు, హల్లులు అన్నీ గుర్తుపట్టిన పిల్లవాడు 'గుర్రం' దగ్గర ఆగిపోవచ్చు. హల్లు మీద గుణింతం, దాని కింద ఒత్తు చేరేసరికి అతడు నేర్వవలసిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. ఇరవై ఆరు అక్షరాల ఇంగ్లీషుకు సరిపోయే మెట్ల లెక్క దీనికి సరిపోదు. మన లిపికి దగ్గరి బంధువైన కన్నడ లిపిపై పరిశోధించిన సోనాలి నాగ్, అక్షర పరిజ్ఞానం పూర్తిగా కుదురుకోవడానికి పిల్లలకు అనేక సంవత్సరాలు పడుతుందనీ, అది ప్రాథమిక తరగతుల పొడుగునా సాగుతుందనీ 2007లోనే చూపారు. కాబట్టి 'అక్షరాలు వచ్చు, పదాలు రావు' అన్న గడిలో పడిన తెలుగు పిల్లల్లో ఇద్దరు రకాలవారు ఉంటారు. ఒకరికి గుణింతమే పట్టుబడలేదు. మరొకరికి గుణింతం వచ్చింది, ఒత్తు దగ్గర తడబాటు. ఉపాధ్యాయునికి ఈ తేడాయే ముఖ్యం. నిచ్చెనలో ఆ మెట్టు లేదు గనుక ఆ తేడా కనబడదు.

రెండవ చిక్కు అంకగణితానికి సంబంధించినది. 1946లో ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే మనస్తత్వవేత్త కొలమానాలను నాలుగు తరగతులుగా విభజించాడు: నామ మాపని, క్రమ మాపని, అంతర మాపని, నిష్పత్తి మాపని. అసర్ స్థాయిలు క్రమ మాపనికి చెందుతాయి. ఏది ముందో ఏది వెనుకో చెబుతాయి, ఎంత దూరమో చెప్పవు. కొందరు పరిశోధక విద్యార్థులు అక్షరానికి 1, పదానికి 2, పేరాకు 3, కథకు 4 వేసి, సగటు తీసి, ఒక ఊరి సగటు 2.6, మరొక ఊరి సగటు 2.9 అని పట్టికలు వేస్తున్నారు. అక్షరం నుండి పదానికి ఉన్న దూరమూ, పేరా నుండి కథకు ఉన్న దూరమూ సమానమని ఎవరు నిర్ణయించారు? ఎవరూ నిర్ణయించలేదు. అసర్ నివేదికలు ఏ స్థాయిలో ఎంత శాతం మంది ఉన్నారో చెప్పి ఆగుతాయి. ఆ మర్యాదను మనమూ పాటించాలి.

ఇక జిల్లా అంకెల సంగతి. ఒక జిల్లాలోని 600 ఇళ్లలో 5వ తరగతి పిల్లలు నూరు మంది దొరికారనుకుందాం. వారిలో 50 మంది కథ చదివారు. అప్పుడు కేవలం యాదృచ్ఛికంగా వచ్చే తేడాయే అటు పది శాతం, ఇటు పది శాతం ఉంటుంది. ఒకే ఊరి పిల్లలు ఒకే బడిలో చదివి ఒకరినొకరు పోలి ఉంటారు గనుక వాస్తవంలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అలాంటప్పుడు నిరుడు 47, ఈ ఏడు 52 అయిందని ఒక జిల్లాను పొగడడం గాని, 52 నుండి 47కు దిగిందని నిందించడం గాని న్యాయం కాదు.

వరంగల్ విషయంలో మరొక విశేషం ఉంది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. 2019లో భూపాలపల్లి నుండి ములుగు వేరుపడింది. 2021లో అర్బన్ జిల్లా హనుమకొండగానూ, రూరల్ జిల్లా వరంగల్‌గానూ పేర్లు మార్చుకున్నాయి. అప్పుడే మా ఖిలా వరంగల్ మండలం ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు మారింది. 2010 నాటి 'వరంగల్ జిల్లా'కూ నేటి 'వరంగల్ జిల్లా'కూ పేరు తప్ప పెద్దగా పోలిక లేదు. ఏటూరునాగారం అడవి గూడేలు ఆ లెక్కలో ఉండేవి, ఈ లెక్కలో లేవు. అయినా రెండు సంవత్సరాల అంకెలను పక్కపక్కన పెట్టి 'ప్రగతి' గీత గీసిన వ్యాసాలు మాకు కనబడ్డాయి.

పైగా అసర్ గ్రామీణ సర్వే. మా కోట మట్టిగోడ లోపల నేటికీ పొలాలున్నాయి. పొద్దున్నే కూలికి వెళ్లే తల్లిదండ్రులున్నారు. కాకతీయుల శిలాతోరణాల పక్కనే మేకలు మేపుకొనే పిల్లలున్నారు. ఇది నగరపాలక సంస్థ పరిధిలో ఉంది కనుక వీరిలో ఒక్కరూ ఆ లెక్కకు రారు. 'మా వాడ పిల్లల స్థితి ఇదీ' అని అసర్‌ను చూపి ప్రసంగించే హక్కు మాకు లేదు.

అనువదించిన పరీక్ష

మనస్తత్వ పరీక్షలు మన దేశానికి రావడంలో మిషనరీ విద్యాసంస్థల పాత్ర ఉందని వేదాంత విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. 1905లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే, సైమన్‌లు రూపొందించిన పరీక్షను భారతీయ పిల్లలకు అనువుగా మార్చే తొలి ప్రయత్నం చేసినవాడు లాహోరులోని ఫోర్‌మన్ క్రిస్టియన్ కళాశాలకు చెందిన సి. హెర్బర్ట్ రైస్. ఆయన 'హిందూస్తానీ బినే' మాపని 1929లో గ్రంథంగా వెలువడింది. తర్వాత వి.వి. కామత్ మరాఠీ, కన్నడ పిల్లల నిమిత్తం మరొక రూపం తయారుచేశాడు. పరీక్షను భాష మార్చి వాడితే చాలదు, ప్రశ్నల వరుసను కూడా స్థానిక పిల్లలపై పరీక్షించి సరిచూడాలన్న గ్రహింపు ఈ కృషిలోనే ఉంది. దాదాపు నూరేళ్ల తర్వాత కూడా అదే పాఠం మళ్లీ నేర్వవలసి వస్తోంది.

అందుకు నిదర్శనం 'యంగ్ లైవ్స్' అధ్యయనం. 2002లో మొదలై ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో సాగిన ఈ పరిశోధన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2000 మంది శిశువులను, 1000 మంది ఎనిమిదేళ్ల పిల్లలను ఎంచుకొని, వారు పెరిగి పెద్దవారయ్యేవరకు వెంబడించింది. తెలంగాణ ప్రాంతం నుండి కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, వాటితోపాటు హైదరాబాదు అందులో ఉన్నాయి. ఒకే పిల్లవాణ్ణి ఇన్ని సంవత్సరాలు కనిపెట్టి చూసిన అధ్యయనం తెలుగు నేలపై అరుదు. పేద కుటుంబాలకు ప్రాధాన్యమిచ్చి ఎంచుకున్నారు గనుక అది రాష్ట్రమంతటికీ అద్దం కాదని ఆ పరిశోధకులే చెప్పారు.

పిల్లల పదసంపదను కొలవడానికి అందులో వాడిన సాధనం అమెరికాలో తయారైన పీబడీ చిత్రపద పరీక్ష. ఒక పుటలో నాలుగు బొమ్మలుంటాయి. పరీక్షకుడు ఒక మాట చెబుతాడు. పిల్లవాడు సరైన బొమ్మపై వేలు పెట్టాలి. మూడవ ముద్రణలో ఇలాంటివి 204 అంశాలు, పన్నెండేసి చొప్పున సులభం నుండి కఠినానికి పేర్చి ఉంటాయి. ఒక పన్నెండులో ఎనిమిది తప్పులు చేస్తే అక్కడితో పరీక్ష ఆపివేస్తారు. ఆ వరుస ఇంగ్లీషు మాట్లాడే పిల్లలను బట్టి ఏర్పడింది. తెలుగులోకి రాగానే వరుస చెదురుతుంది. మా సొంత ఉదాహరణ ఒకటి చెబుతాము. ఇంగ్లీషు పిల్లవాడికి 'పీడియాట్రీషియన్' కఠినపదం. తెలుగులో 'పిల్లల డాక్టరు' అంటే అయిదేళ్లవాడికీ తెలుసు. దీనికి విరుద్ధంగా 'కుళాయి' అని అడిగితే ఖిలా వరంగల్ పిల్లవాడు తెల్లమొహం వేయవచ్చు. అతని ఇంట్లో ఉన్నది 'నల్లా'. 'చొక్కా' అనకుండా 'అంగి' అనాలి, 'తలుపు' అనకుండా 'దర్వాజ' అనాలి. పుస్తకపు తెలుగులో అడిగి, తప్పుల సంఖ్య ఎనిమిదికి చేరగానే ఆపివేస్తే, ఆ తర్వాత అతనికి తెలిసిన మాటలెన్ని ఉన్నా అడిగే అవకాశమే రాదు. అప్పుడు మనం కొలిచింది పిల్లవాడి పదసంపదనా, అతని ఇంటికీ పాఠ్యపుస్తకానికీ మధ్య ఉన్న దూరాన్నా?

న్యాయంగా చెప్పాలంటే యంగ్ లైవ్స్ పరిశోధకులు ఈ ప్రమాదాన్ని దాచలేదు. 2009లో శాంటియాగో క్యూటో బృందం రాసిన సాంకేతిక నివేదికలో అంశాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, సరిగా పనిచేయని వాటిని తొలగించి, వేర్వేరు భాషల పిల్లల మార్కులను నేరుగా పోల్చవద్దని స్పష్టంగా హెచ్చరించారు. అయితే తెలుగుకూ మరొక భాషకూ మధ్య పోల్చరాదన్న నియమం, ఒకే తెలుగు అనుకొనే కడప యాసకూ కరీంనగర్ యాసకూ మధ్య ఎంతవరకు వర్తిస్తుందన్నది మా ప్రశ్న. తెలంగాణ పిల్లల మార్కు తక్కువ కనబడిన ప్రతిచోటా పేదరికాన్ని గాని, తల్లి నిరక్షరాస్యతను గాని కారణంగా చూపే ముందు, ఏ తెలుగులో అడిగారని విచారించాలి.

ప్రయోగాలు, ప్రామాణిక విచలనాలు

మూడవది కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుండి జరిపిన ప్రయోగాల వరుస. 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను చీట్లు వేసినట్లు అయిదు భాగాలు చేశారు. వాటిలో రెండు భాగాల్లోని ఉపాధ్యాయులకు పిల్లల మార్కుల మెరుగుదలను బట్టి అదనపు సొమ్ము ఇచ్చారు. ఒక భాగానికి ఏమీ ఇవ్వలేదు. యాదృచ్ఛికంగా పంచడం వల్ల 'మంచి ఉపాధ్యాయులున్న బడే మంచి ఫలితం చూపింది' అన్న సందేహానికి తావు లేదు. ఈ విషయంలో మన ప్రాంతంలో ఇంత పటిష్ఠమైన రూపకల్పన మరొకటి మేము ఎరుగము.

2011లో ప్రచురించిన ఫలితం ప్రకారం రెండేళ్ల తర్వాత ప్రోత్సాహకాలు పొందిన బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. ఈ మాట విని కాపరులు ఏమి అర్థం చేసుకోవాలి? నూరు మంది పిల్లలను మార్కుల వరుసలో నిలబెడితే, నడిమధ్యన ఉన్నవాడు గణితంలో సుమారు పది స్థానాలు ముందుకు జరిగాడని చెప్పుకోవచ్చు. కాని ఈ కొలతకు ఒక బలహీనత ఉంది. లాభం మూడు మార్కులే అనుకుందాం. పోల్చే పిల్లల మార్కులు విస్తారంగా చెదిరి విచలనం 12 ఉంటే ఆ లాభం 0.25 అవుతుంది. మార్కులు దగ్గరదగ్గరగా ఉండి విచలనం 6 ఉంటే అదే మూడు మార్కులు 0.5 అవుతాయి. కాబట్టి వేర్వేరు చోట్ల జరిగిన అధ్యయనాల దశాంశాలను పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చడం మోసకరం. ఈ పరిశోధకులు సొమ్ముతో సంబంధం లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రాల్లో కూడా పరీక్షించి, అక్కడా మెరుగుదల చూపారు. ఉపాధ్యాయుల హాజరు మాత్రం పెరగలేదని దాపరికం లేకుండా రాశారు. అనుకూలించని ఫలితాన్ని కూడా పట్టికలో ఉంచడం పరిశోధకుని నిజాయితీకి గుర్తు.

మాకు మరింత ముఖ్యంగా తోచినది వారి రెండవ ప్రయోగం. 2008లో మొదలైన ఈ ప్రయోగం 180 గ్రామాలకు సంబంధించినది. లాటరీలో ఎంపికైన పిల్లలు ప్రైవేటు బడిలో చదివేందుకు ఫీజు చెల్లించారు. నాలుగేళ్ల తర్వాత తెలుగు, గణితాల్లో లాటరీ గెలిచినవారికీ ఓడినవారికీ తేడా కనబడలేదని 2015లో ప్రకటించారు. 'ప్రైవేటు బడులతో ఒరిగేదేమీ లేదు' అని కొందరు వెంటనే తీర్పు చెప్పారు. కాని ప్రైవేటు బడులు తెలుగుకూ గణితానికీ తక్కువ సమయం కేటాయించి, ఇంగ్లీషు, హిందీ వంటి వాటికి ఎక్కువ సమయం ఇచ్చాయని అదే పరిశోధన చెబుతోంది. హిందీలో ఆ పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లవాడిపై అయిన ఖర్చు ప్రభుత్వ బడిలో అయిన దానిలో మూడో వంతుకన్నా తక్కువ. పరీక్షలో హిందీ లేకుండా ఉండి ఉంటే ఈ లాభం ఎవరికీ తెలిసేది కాదు. ఏ సబ్జెక్టును కొలవాలన్న నిర్ణయంలోనే సగం ఫలితం ఇమిడి ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కాబట్టి అప్పు చేసి ప్రైవేటు బడిలో వేయాలా అని అడిగే తండ్రికి ఈ అధ్యయనం 'అవును' అనీ చెప్పదు, 'కాదు' అనీ చెప్పదు. మీ వాడికి తెలుగు చదవడం, లెక్కలు చేయడం రావాలన్నదే మీ ఆశ అయితే ఫీజు వల్ల అదనపు లాభం కనబడలేదని మాత్రం ఖచ్చితంగా చెప్పవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుండి సర్కారు బడుల్లో 1 నుండి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టింది గనుక ఆనాటి పోలికను ఈనాటికి యథాతథంగా దించడానికి వీలులేదని కూడా చెప్పాలి.

మన సిద్ధాంత వ్యాసాల ప్రశ్నావళి

పరుల కొలబద్దను ఇంతగా పరీక్షించిన తర్వాత మన ఇంటి సంగతి చూడకపోతే అన్యాయం. వేదాంత విద్యార్థులు 'యువతలో ఆత్మీయ ఎదుగుదల', 'స్త్రీల సమాజం పాత్ర' వంటి అంశాలపై ప్రశ్నావళులు పంచుతున్నారు. చాలావాటిలో 1932లో రెన్సిస్ లికర్ట్ ప్రతిపాదించిన అయిదు జవాబుల పద్ధతి వాడుతున్నారు. పద్ధతిలో తప్పులేదు. తెలుగులోకి దించిన తీరులోనే చిక్కు ఉంది. సాధారణంగా కనబడే అయిదవ జవాబు 'గట్టిగా అంగీకరించను'. తెలుగు తెలిసినవారు దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. ఏమాత్రం ఒప్పుకోనని ఒక అర్థం. ఒప్పుకుంటాను గాని అంత గట్టిగా కాదని మరొక అర్థం. రెండో విధంగా అర్థం చేసుకున్న విశ్వాసి 'అంగీకరిస్తాను' పక్కన ఉండవలసినవాడు పట్టికలో పూర్తిగా అవతలి కొసకు చేరుతాడు. ఆ తర్వాత ఎంత గొప్ప కంప్యూటరు లెక్క వేసినా అతణ్ణి వెనక్కి తేలేదు.

'నేను ప్రతిదినం బైబిలు చదివి ప్రార్థిస్తాను' వంటి వాక్యం మరొకటి. ప్రార్థన చేసి బైబిలు చదవని అక్షరం రాని తల్లి దీనికి ఏమని జవాబివ్వాలి? నలభై మందిలో 27 మంది 'అవును' అంటే 67.50 శాతం అని రాయడం కూడా ఆచారమైపోయింది. నలభై మందికి ఆ రెండు దశాంశ స్థానాలు ఎందుకు? 40లో 27 అని రాస్తే పాఠకుడికి అంతా తెలుస్తుంది. అదే నలభై మందిని వయస్సు, లింగం, చదువుల వారీగా పన్నెండు గడులుగా చీల్చి కై-వర్గ పరీక్ష చేసినవారూ ఉన్నారు. గడిలో ఉండవలసిన సంఖ్య అయిదుకు తగ్గితే ఆ పరీక్షను నమ్మరాదని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి.

అన్నిటికంటే సూక్ష్మమైన సమస్య విశ్వసనీయతకు సంబంధించినది. 1951లో లీ క్రాన్‌బాక్ ప్రచారంలోకి తెచ్చిన 'ఆల్ఫా' విలువ ఎక్కువగా వచ్చిందని విద్యార్థులు సంతోషంగా రాస్తారు. జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే ఆల్ఫా చెబుతుంది. ఆదివారం ఆరాధన ముగిశాక కాపరే కాగితాలు పంచి, కాపరే వసూలు చేసి, పైన పేరు కూడా రాయించుకుంటే విశ్వాసులు ఏమి చేస్తారు? అయ్యగారు నొచ్చుకోకుండా ఉండే జవాబునే ప్రతి ప్రశ్నకూ ఇస్తారు. జవాబులన్నీ చక్కగా పొసగుతాయి. ఆల్ఫా పెరుగుతుంది. కొలిచింది మాత్రం ఆత్మీయ ఎదుగుదలను కాదు, అయ్యగారిపట్ల మర్యాదను. విశ్వసనీయత ఉండి సప్రమాణత లేకపోవడమంటే ఇదే.

దీనికి వైద్యం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రశ్నావళి పంచే ముందు వేర్వేరు వయస్సుల వారు అయిదారుగురికి చదివి వినిపించి, ప్రతి ప్రశ్ననూ వారి సొంత మాటల్లో తిరిగి చెప్పమనాలి. ఆ సంఘానికి చెందని వ్యక్తి కాగితాలు వసూలు చేయాలి. 'ప్రతిదినం' అని అడిగే బదులు గడచిన వారంలో ఎన్ని రోజులని అడగాలి. అయిదవ జవాబుగా 'అస్సలు ఒప్పుకోను' అని రాస్తే సరిపోతుంది. మా ప్రాంతంలో 'ఒప్పుకోను', 'అస్సలే ఒప్పుకోను' అన్న మాటల తేడా బడి ముఖం చూడని ముసలమ్మలకు కూడా తెలుసు.

మార్గదర్శకులైన అధ్యాపకులకు ఒక విన్నపం ఉంది. సిద్ధాంత వ్యాసాలు ఇంగ్లీషులో సమర్పిస్తున్నారు గనుక అనుబంధంలో ప్రశ్నావళి కూడా ఇంగ్లీషులోనే ఉంటోంది. సంఘంలో నిజంగా పంచింది తెలుగు కాగితం. మేము చూసిన వాటిలో ఆ కాగితం జతచేసినవి బహు కొద్ది. చేతితో రాసినదైనా, జిరాక్సు ప్రతియైనా సరే, విశ్వాసి చేతికి వెళ్లిన ఆ తెలుగు కాగితమే అనుబంధంలో ఉండాలని నియమం చేయవలసింది.